పరదేశపు పంక్తిలో మన రుచులు

"అన్నం తిన్నారా?" అని పలకరించుట మన పాలమూరు పల్లెలలో పరిపాటి. అమ్రాబాద్‌కు తూర్పుగా సుమారు 4,500 కిలోమీటర్ల దూరమున నున్న ఫిలిప్పీను దీవులలోను పలకరింపు ఇదియే. "కుమాయిన్ కా నా?" అని వారందురు. తిన్నావా అని దాని భావము. లేదన్నచో పళ్లెము తెచ్చి ముందుంచుదురు. ఆ పళ్లెములో ఏమున్నది? అది అక్కడికి ఎట్లు వచ్చినది? మనము దానిని తినవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ ప్రస్తావన మనకేల యని కొందరు అనుకొనవచ్చును. వైద్యవిద్య కొరకు ఫిలిప్పీను దేశమునకు, ముఖ్యముగా దావావ్ నగరమునకు, మన తెలుగు జిల్లాల నుండి ఎందరో విద్యార్థులు వెళ్లుచున్నారు. బ్రతుకుతెరువుకై గల్ఫు దేశములకు పోయిన మనవారికి అక్కడ పనిలో తోడుండువారు తరచుగా ఫిలిప్పీను వారే. దుబాయి నగరపు సత్వా, కరామా పేటలలో వారి చిన్న హోటళ్లు మన హోటళ్లకు ఇరుగుపొరుగుగా నున్నవి. ఆసియా దేశముల వంటలన్నియు ఒకే చోట దొరకునని బోర్డు కట్టి, తమ కూరలతో పాటు చీనా నూడుల్సును, థాయి పులుసులను, జపాను వంటలను అమ్ము హోటళ్లును గలవు. అట్టి చోట మన యువకులు రెండు విధముల ఇబ్బంది పడుచుందురు. కొందరు "అదంతా మనకు పనికిరాదు" అని తలుపు వేసికొని, ఇంటి నుండి తెచ్చిన పచ్చడితో కాలము గడుపుదురు. కొందరు మొగమాటమునకు లోనై, ఏమని అడుగకయే తిని, తరువాత బాధపడుదురు. రెంటికిని మూలము తెలియకపోవుటయే.

ఫిలిప్పీను దేశపు చిన్న పూటకూళ్లయింటిని "కరిందేరియా" అందురు. అది మన బస్టాండు ప్రక్క మెస్సువంటిది. వండిన కూరలను గిన్నెలలో వరుసగా నుంచుదురు. వచ్చినవారు చూచి, వ్రేలితో చూపి, కావలసినది అడుగుదురు. అందుచేత వీటికి "తురో-తురో" అను పేరును వచ్చినది. "తురో" అనగా చూపుట. కూర ఏదైనను అన్నము తప్పదు. బల్లపై కత్తి కనిపించదు. కుడిచేత చెంచాయు, ఎడమచేత ముళ్ల చెంచాయు పట్టి తిందురు. అరటి ఆకులపై అన్నమును కూరలను రాశిగా పోసి అందరును కలసి చేతులతో తిను "కమాయన్" పద్ధతియు గలదు. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టు కూర్చుండి తినుటకు అలవాటుపడిన మనకు ఇది క్రొత్త గాదు.

ఇక "కరిందేరియా" అను మాటను పరిశీలింతము. దీనికి మూలము "కరి" యనియు, అది దక్షిణ భారతము నుండి వెళ్లిన మాటయే యనియు చెప్పుదురు. ఆ మాట వెనుక ఒక చరిత్ర యున్నది. 1762లో స్పెయిన్‌కును ఇంగ్లండుకును యుద్ధము జరుగుచుండగా, స్పెయిన్ ఏలుబడిలో నున్న మనీలా నగరముపైకి బ్రిటిషువారు మద్రాసు నుండి ఓడలను పంపిరి. సైన్యమునకు విలియం డ్రేపర్, నౌకలకు శామ్యూల్ కార్నిష్ నాయకులు. తెల్ల సైనికులతో పాటు మద్రాసు సిపాయిలును వెళ్లిరి. ఆ యేడు అక్టోబరులో మనీలా పట్టుబడినది. 1764లో నగరమును తిరిగి స్పెయిన్ వారికి అప్పగించి సైన్యము మరలునపుడు సిపాయిలు కొందరు ఓడ ఎక్కలేదు. మనీలాకు చేరువనున్న కయింతా గ్రామమున నిలిచిపోయి, అక్కడి స్త్రీలను వివాహమాడి, ఆ నేలలో కలసిపోయిరి. మద్రాసు సైన్యమున తమిళులతో పాటు తెలుగువారును విశేషముగా నుండెడివారు. ఉత్తర హిందూస్థానమున ఆ కాలపు కంపెనీ సిపాయికి "తిలంగా" అనియే పేరు.

ఫిలిప్పీను వంటలలో పేరెన్నికగన్న "కరే-కరే" అను కూరను ఈ సిపాయిలకు ముడిపెట్టి చెప్పుట వాడుక. దాని పుట్టుకకు వేరు కథలును లేకపోలేదు. కాని వండు విధము మాత్రము మనకు ఆసక్తి కలిగించును. ఎద్దు తోకను గాని పేగులను గాని మెత్తగా ఉడికించి, వేయించి నూరిన వేరుశనగలతో చిక్కపరతురు. రంగునకు జాఫ్రా గింజలు వేయుదురు. వంకాయ, అరటిపువ్వు, పొడుగు బొబ్బరకాయలు చేర్చుదురు. కారము లేదు, చింతపండు లేదు. ఉప్పుకై ప్రక్కన "బగొంగ్" అను ఊరవేసిన రొయ్యల ముద్ద నుంచుదురు. మన హైదరాబాదు మిర్చీ కా సాలన్‌ను తలచుకొనుడు. అందును వేరుశనగలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరి, పులుసును చిక్కపరచుటయే కీలకము. రెండు గిన్నెలకును ఆధారమైన వేరుశనగ ఈ రెండు దేశములదియు గాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 1565 మొదలు 1815 వరకు మెక్సికోలోని అకపుల్కో రేవునకును మనీలాకును నడచిన స్పెయిన్ ఓడలు అమెరికా పంటలను ఎన్నిటినో అక్కడికి చేర్చినవి. అదే ఖండపు మిరపను మన తీరమునకు పోర్చుగీసువారు తెచ్చిరి. నేడు అచ్చంపేట ప్రాంతపు రైతు వేరుశనగను తన సొంత పంటగా భావించుచున్నాడు. అట్లు భావించుటలో తప్పు లేదు.

ఫిలిప్పీను పళ్లెము ఇట్టి పొరలతో నిండియున్నది. అడుగున మలయా జాతుల వంట యున్నది: అన్నము, చేప, కొబ్బరి, పులుపు. "సినిగాంగ్" అను వారి పలుచని పులుసు చింతపండుతో కాచినది. మన చారు త్రాగినవారికి దాని రుచి వెంటనే పరిచయమగును. "తినోలా" అను కోడి పులుసులో వేయు "మలుంగ్గాయ్" మన మునగాకే. ఆ పేరును తమిళ "మురుంగై" నుండి వచ్చినదే. బొప్పాయి తురుమును ఊరవేసి చేయు "అచారా" మన అచార్‌కు చుట్టము. దానిపై చీనా పొర: "పన్సిత్" అను నూడుల్సు, "లుంపియా" అను చుట్టలు, "తోయో" అను సోయా రసము. మనీలాలోని బినోందో పేట 1594లో చీనీయుల నివాసముగా ఏర్పడినది. ఆపై స్పెయిన్ పొర: "అదోబో" అను పేరు స్పానిషుదే, కాని సిర్కా, వెల్లుల్లి, మిరియాలలో మాంసమును ఉడికించు పద్ధతి స్థానికులదే. మంచు తురుములో ఉడికిన గింజలు, పాలు, జున్నువంటి తీపి చేర్చిన "హాలో-హాలో" మన ఫాలూదాను తలపించును. ఆ పేరునకు "కలుపు, కలుపు" అని అర్థము.

పరాయి వంట ఒకటి సొంత వంటగా మారుట ఎట్లు? ఫిలిప్పీను రచయిత్రి డోరీన్ ఫెర్నాండెజ్ (1934–2002) ఈ విషయమును శ్రద్ధగా పరిశోధించినది. దీనికి ఒక మార్గము వారి బల్లపైననే కనిపించును. అక్కడ సిర్కా, సోయా రసము, చిన్న నిమ్మవంటి కలమన్సి, పచ్చిమిరప చిన్న గిన్నెలలో నుండును. వీటిని "సావ్‌సావన్" అందురు. వండినవాడు రుచిని సగమే తేల్చును; మిగిలిన సగము తినువాడు కలుపుకొనును. ఏ దేశపు వంటయైనను ఆ చిన్న గిన్నెలలో మునిగి లేచునప్పటికి వారిదైపోవును. మనము ప్రతి కూర ప్రక్కను పచ్చడిని, నిమ్మకాయను పెట్టుకొనుట ఇట్టిదే.

మన ఇంటి సంగతి చూతము. హలీము హైదరాబాదుదని గర్వింతుము. 2010లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. కాని దాని తల్లి అరబ్బుల "హరీస్". హజ్రమౌత్ నుండి నిజాము సైన్యమున చేరిన అరబ్బులు, వారి బార్కస్ పేట దానిని ఇక్కడ నాటినవి. దక్కను మసాలా దానిని మార్చినది. ఇరానీ చాయి పేరులోనే దాని ఊరున్నది. నేడు మండల కేంద్రములలో సైతము బండ్లపై అమ్ము "మంచూరియా" మంచూరియా దేశమున లేదు. కలకత్తాలో పుట్టిన చీనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి నగరమున దానిని మొదట వండెనని చెప్పుదురు. వెల్లుల్లి, అల్లము, పచ్చిమిరప మనవి. సోయా రసము, గంజిపిండి చీనావి. కావున సాయంకాలము బండి వద్ద నిలిచి మంచూరియా తినుచున్న విద్యార్థి తనకు తెలియకుండగనే ఇట్టి మిశ్రమ భోజనశాలలో కూర్చున్నవాడే.

అన్నము విషయమున బంధము మరియు దగ్గర. ఫిలిప్పీనులోని లాస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏర్పడినది. అది 1966లో విడుదల చేసిన ఐ.ఆర్.8 వంగడమును మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు పండించి చూపెను. అదే సంస్థ ఐ.ఆర్.64 వంగడమును మన కృష్ణవేణి వంగడముతో సంకరపరచగా ఎమ్.టి.యు.1010, అనగా కాటన్‌దొర సన్నాలు, పుట్టినది. తెలంగాణ పొలములలో దానిని ఎరుగని రైతు అరుదు.

అయితే కలయిక అంతయు మేలే యని మేము చెప్పుట లేదు. ఒక రుచి వచ్చునపుడు మరియొకటి వెనుకబడుట కలదు. మన అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచుల ఆహారము ఒకప్పుడు అడవి గడ్డలు, తేనె, పండ్లు. రేషను బియ్యము ఆకలిని తగ్గించినది. కాని ఏ గడ్డను ఎప్పుడు త్రవ్వవలెను, ఎట్లు ఉడికింపవలెను అను తెలివి క్రమముగా సన్నగిల్లుచున్నది. పది దేశముల వంటలు అమ్ము హోటలులోను చెంచుల గడ్డకు చోటు లేదు. కొత్త పళ్లెమునకు చేయి చాచువాడు పాత పళ్లెమును కడిగి భద్రపరచుకొనవలెను.

ఇక మూడవ ప్రశ్న: మనము తినవచ్చునా? క్రైస్తవులు అధికముగా గల ఆ దేశమున పంది మాంసము సామాన్యాహారము. అది తునకలుగా కనిపింపకున్నను లుంపియా లోపలి ముద్దలో, పన్సిత్‌పై చల్లిన పొడిలో, వేపుడు కొవ్వులో నుండవచ్చును. "దినుగువాన్" అను నల్లని కూర పంది నెత్తురుతో వండినది. శాకాహారులకును జాగ్రత్త అవసరము. "పినక్‌బెత్" చూచుటకు కాయగూరల కూరయే, కాని అందు రొయ్యల ముద్ద కలియును. "పాతిస్" అను చేప రసమును ఉప్పునకు బదులు వాడుదురు. కరే-కరే ఎద్దు మాంసమని ముందే చెప్పితిమి.

కావున నాలుగు మాటలు నేర్చుకొనవలెను. "మనోక్" కోడి, "ఇస్దా" చేప, "బాకా" గోమాంసము, "బాబొయ్" పంది. ఈ చివరి మాటను మరచుట మనకు కష్టము. మన కేకయే అది. "వలాంగ్ బాబొయ్?" అనగా పంది లేదు గదా అని అడుగుట. అయితే పంది లేనంత మాత్రమున హలాలు గాదు. జబహ్ చేసిన మాంసమేనా, గరిట, నూనె వేరా అనియు విచారింపవలెను. సందేహమున్నచో చేప, అన్నము, గ్రుడ్డు శ్రేయస్కరము. సిర్కాను చూచి జంకనక్కరలేదు. అక్కడిది ఎక్కువగా కొబ్బరి కల్లు, చెరకు రసము పులిసి పూర్తిగా సిర్కాగా మారినది. మర్యాదగా అడిగిన ప్రశ్నకు ఎవరును కోపగించుకొనరు.

దావావ్ వెళ్లువారికి మరియొక సదుపాయము గలదు. ఆ నగరమున్న మిందనావో దీవి ముస్లిములకు పాత నివాసము. స్పెయిన్ వారు అడుగు పెట్టక మునుపే అక్కడి దక్షిణ దీవులలో ఇస్లాము వ్యాపించినది. మరానావు ముస్లిములు "పలాపా" యని ఒక నూరుడు పచ్చడి చేయుదురు: ఉల్లికాడల జాతి మొక్క, అల్లము, మిరప, వేయించిన కొబ్బరి. మన రోటి పచ్చడిని విడిచి వచ్చినవారికి అది ఊరట. మగిందనావో ముస్లిముల "పాస్తిల్" అరటి ఆకులో చుట్టిన అన్నము, పైన కోడి మాంసపు పీచు. ఇవి హలాలు వంటలు, చవకైనవి. ఫిలిప్పీను ప్రభుత్వము 2016లో హలాలు ఉత్పత్తుల అభివృద్ధికై ప్రత్యేక చట్టమును చేసినది.

మేము విద్యార్థులకు చెప్పదలచినది ఇంతే. పరాయి బల్ల వద్ద కూర్చుండుటకు మన నియమమును విడువనక్కరలేదు. నియమమును పాటించుటకు ఎదుటివాని పళ్లెమును చూచి ముఖము చిట్లింపనక్కరలేదు. తినదగినది అడిగి తినుడు. తినరానిది చిరునవ్వుతో ప్రక్కకు జరుపుడు. ఈ నడవడి దావావ్‌కు మాత్రమే గాదు, మన వసతిగృహపు భోజనశాలకును వర్తించును. అక్కడను మాంసము తినువారు, తిననివారు, ఉపవాసమున్నవారు ఒకే వరుసలో కూర్చుందురు. కయింతాలో నిలిచిపోయిన సిపాయి తన ఇంటి మసాలా దొరకకున్నను అక్కడి పొయ్యి వెలిగించుకొని, అక్కడి వారితో కలసి భుజించెను. విమానమున పోవు నేటి విద్యార్థికి అది అంతకంటె సులభము కావలెను.