మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవారికి



మగవారి వార్డులో ఒక పెద్దాయన కాలికి మేము చాలా రోజులు కట్టు కట్టాము. మొదట అది చెప్పు ఒరుసుకుని అయిన చిన్న పుండు. పదిహేనేళ్ళ షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది కాబట్టి ఆయనకు నొప్పి తెలియలేదు. ఆసుపత్రికి వచ్చేసరికి బొటనవేలు నల్లబడిపోయింది. దాన్ని తీసివేయక తప్పలేదు.

ఆయన మంచం పక్కన స్టూలు మీద రాత్రింబవళ్ళు కూర్చుని సేవ చేసింది ఆయన కొడుకు. వయసు నలభై. ఒక ఉదయం నేను, "నీ షుగరు ఎప్పుడైనా చూపించుకున్నావా బాబూ?" అని అడిగాను. "నాకేం లేదు సిస్టరమ్మా, నేను బాగానే ఉన్నాను" అన్నాడు. మర్నాడు పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే 114 వచ్చింది.

ఈ వ్యాసం రోగుల కోసం మాత్రమే కాదు. వారి పక్కన స్టూలు మీద కూర్చున్న మీ కోసం కూడా.

114 అంటే ఏమిటి?

పరగడుపున రక్తంలో చక్కెర 100 కంటే తక్కువ ఉంటే మామూలు. 126 గాని అంతకు మించి గాని ఉంటే, మరోసారి పరీక్షించి షుగరు వ్యాధి అని నిర్ధారిస్తారు. 100 నుండి 125 మధ్య ఉంటే గట్టు మీద ఉన్నట్టు. వ్యాధి ఇంకా రాలేదు, కానీ దగ్గరలో ఉంది. ఈ దశలో దాహం, నీరసం వంటి లక్షణాలేవీ ఉండవు. పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉంది. గట్టు మీద ఉన్నవారు అంతకంటే ఎక్కువ, సుమారు 13 కోట్ల 60 లక్షల మంది.

గట్టు మీద ఉన్నవారు వెనక్కి రాగలరా? చాలామంది రాగలరు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం ఇటువంటి 531 మందిని మూడేళ్ళ పాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో నూటికి 39 మందికే వచ్చింది. మన దేశంలో, మన వంటి ఇళ్ళలోనే ఇది జరిగింది.

చక్కెర డబ్బాలో లేదు, కంచంలో ఉంది

"టీలో చక్కెర మానేశాం సిస్టర్, అయినా తగ్గడం లేదు" అని చాలామంది చెబుతారు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం తింటారు. అన్నం అరిగాక చక్కెరగానే మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెరను ఒంట్లోని కండలకు చేర్చేది ఇన్సులిన్. పొట్ట పెరిగి, ఒళ్ళు కదలకపోతే ఆ ఇన్సులిన్ సరిగా పని చేయదు.

అన్నం మానేయమని నేను చెప్పను. కంచాన్ని మూడు భాగాలుగా చూసుకోండి.

సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు: బీరకాయ, సొరకాయ, బెండకాయ, తోటకూర, గోంగూర. బంగాళదుంప, చేమదుంప ఈ లెక్కలోకి రావు. వాటిని అన్నంతో కలిపి లెక్కించాలి.

పావు కంచం గట్టి పప్పు, గుడ్డు, చేప లేదా శనగలు.

పావు కంచం మాత్రమే అన్నం, లేదా జొన్నరొట్టె.

ముందు కూర, పప్పు కొంత తిని, తర్వాత అన్నం కలుపుకోండి. కడుపు తొందరగా నిండుతుంది, చక్కెర మెల్లగా పెరుగుతుంది. పొద్దున ఉప్మాకు బదులు పెసరట్టు మేలు. రాగులు మంచివే, కానీ పలచని రాగి జావ గ్లాసుల కొద్దీ తాగితే చక్కెర త్వరగా పెరుగుతుంది. బెల్లం, తేనె కూడా చక్కెరతో సమానమే. పండ్లరసం తాగే బదులు ఒక జామకాయ తినండి.

రోగికి వేరుగా, ఇంటివారికి వేరుగా వండవద్దు. ఇది అందరికీ మంచి భోజనమే. వేరుగా వండితే తల్లికి పని రెట్టింపు, తండ్రికి చిన్నతనం, పిల్లలకు రక్షణ ఉండదు.

నడక

వారంలో ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా నడవండి. ఒకేసారి కుదరకపోతే భోజనమయ్యాక పదేసి నిమిషాలు మూడుసార్లు నడవండి. ఇంటిపని అంతా నడకే కదా అంటారు ఆడవాళ్ళు. ఆ పని మంచిదే గాని, ఆగకుండా నడిచే నడక వేరు. బరువు ఎక్కువ ఉన్నవారు నాలుగైదు కిలోలు తగ్గినా మేలు కనబడుతుంది. పొగతాగడం మానండి, నిద్ర తగ్గించుకోకండి.

మందులు వాడేవారికి ఒక హెచ్చరిక

వంట ఒకటే అయినా, మాత్రలు, ఇన్సులిన్ వాడేవారి సంగతి వేరు. కాకరకాయ రసం తాగుతున్నామని మాత్రలు మానవద్దు. ఉపవాస ప్రార్థనకు వెళ్ళేముందు డాక్టరుగారిని తప్పక అడగండి. మందు వేసుకుని తినకుండా ఉంటే చక్కెర 70 కంటే దిగిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడడం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తర్వాత అన్నం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకురండి.

ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

తల్లికి, తండ్రికి, తోబుట్టువులకు షుగరు ఉన్నవారు. 30 ఏళ్ళు దాటినవారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించినవారు. బి.పి. ఉన్నవారు. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లులు: కాన్పుతో అది పోయినా, తర్వాత మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ. రాత్రి భోజనం చేశాక ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రండి. మంచినీళ్ళు తాగవచ్చు.

ఆ పెద్దాయన కొడుకు మూడు నెలల తర్వాత తండ్రిని చూపించడానికి తీసుకువచ్చాడు. నాలుగు కిలోలు తగ్గాడు. పరగడుపు పరీక్షలో 101 వచ్చింది. "ఇంకా రెండు తగ్గాలి సిస్టరమ్మా" అని నవ్వాడు. ఆ రెండు అంకెల కంటే ఇలా కొనసాగించడమే ముఖ్యమని చెప్పాను. వచ్చే ఏడాది మళ్ళీ పరీక్షకు రమ్మన్నాను.

మీ నాన్నగారినో, అమ్మగారినో ఈసారి షుగరు చూపించడానికి తెచ్చినప్పుడు మీరు కూడా పరగడుపున రండి. ఇద్దరికీ కలిపి ఒకే ప్రయాణం అవుతుంది.