కురూపి బెట్టీ దేశాటనము

సాయంకాలము వంటయింటి పని ముగించుకొని టెలివిజను ముందు గూర్చుండునపుడు, ఆ తెఱపై కన్నీరు పెట్టుచున్న కోడలు ఏ దేశమున పుట్టినదో మనము విచారింపము. ఆమె చీర కట్టినది, తెలుగు పలుకుచున్నది, తులసికోటకు ప్రదక్షిణము చేయుచున్నది. కావున మన పిల్లయే యని తలంతుము. కాని బియ్యమునకు, పట్టుచీరలకు ఉన్నట్లే కథలకును సంత కలదు. ఆ సంతలో నమ్ముడుపోయి, లోకమంతయు తిరిగిన యొక పిల్ల కథను ఈ మాసము వ్రాయదలచితిని.

నాకీ సంగతి తటస్థించిన విధము చెప్పెదను. గడచిన సెలవులకు మా చెల్లెలి కూతురు మా యింటికి వచ్చినది. పదునైదేండ్ల పిల్ల. కండ్లకు జోడు, పండ్లకు క్లిప్పులు. గణితమున తరగతికి మొదటిది. ఒకనాడు పేరంటమునకు వచ్చిన బంధువురాలొకతె పిల్ల వినుచుండగనే, "చదువు సరే గాని, ముఖమున కళ యేదమ్మా?" అని నిట్టూర్చినది. పిల్ల మాఱు పలుకలేదు. ఆ రాత్రి ఫోనులో నేదో అమెరికా నాటకము చూచుచు తనలో తాను నవ్వుకొనుచుండగా నేనును ప్రక్కను చేరితిని. అందలి నాయికకును కండ్లజోడు, పండ్లకు క్లిప్పులు! "దీని పేరు అగ్లీ బెట్టీ, పెద్దమ్మా. కురూపి బెట్టీ యని యర్థము" అన్నది. ఆడుపిల్లకు ఇట్టి పేరు పెట్టుటకు ఆ అమెరికావారికి నోరెట్లు వచ్చినదని నేను కోపించితిని. తరువాత విచారింపగా, ఆ పిల్లయు, ఆ పేరును అమెరికాలో పుట్టినవి కావని తెలిసినది.

బెట్టీ పుట్టినిల్లు దక్షిణామెరికాలోని కొలంబియా. ఆ దేశపు ఆర్.సి.ఎన్. టెలివిజను కంపెనీకై ఫెర్నాండో గైతాన్ అను రచయిత 'యో సోయ్ బెట్టీ, లా ఫెయా' అను ధారావాహికను వ్రాసెను. 'నేను బెట్టీని, కురూపిని' అని దాని భావము. 1999 అక్టోబరున మొదలై 2001 మే వఱకు నడచినది. కథ మనకు క్రొత్తది కాదు. బెట్టీ అర్థశాస్త్రము చదివిన పిల్ల, లెక్కలలో దిట్ట. ఆమె చదువునకు ఎంత గొప్ప ఉద్యోగమైనను తగును. కాని ముఖము చూచి ఎవరును పని నీయరు. తుదకు బొగోటాలో ఎకోమోడా యను దుస్తుల కంపెనీలో అధ్యక్షుని కార్యదర్శినిగా, గదిలోనికి వెలుతురు రాని మూలను, చేరును. ఆ అధ్యక్షుడు అర్మాండో తన తెలివితక్కువ వ్యాపారములను దాచుకొనుటకై బెట్టీ పేరిట మఱియొక కంపెనీ పెట్టించి, తన ఆస్తి నంతయు దాని చేతికి చిక్కించును. ఇక ఆమె యెక్కడ చేజాఱునో యని, స్నేహితుని దుర్బోధవలన, ప్రేమించినట్లు నటించును. ఆ స్నేహితుడు వ్రాసిన జాబు బెట్టీ కంట బడును. ఆ ఘట్టమును తలంచినపుడు నాకు నిండుసభలో శకుంతల నిలిచిన తీరు స్ఫురించినది. ఒక్కటే భేదము: ఇచట మఱచుట కాదు, తెలిసియే చేసిన మోసము. తరువాత బెట్టీ ఊరు విడిచి, రూపము దిద్దుకొని, మఱలివచ్చి, ఆ కంపెనీకే అధ్యక్షురాలగును.

ఇట్టి కథను పరదేశమునకు అమ్ముట యెట్లు? రెండు మార్గములు గలవు. మొదటిది తీసిన చిత్రమును ఉన్నదున్నట్లుగా అమ్ముట. అమ్మువారు మాటలను వేఱుగను, సంగీతమును తలుపుల చప్పుళ్లు మొదలగు ధ్వనులను వేఱుగను ఉంచి పంపుదురు. కొన్నవారు మాటలు తీసివేసి, పెదవుల కదలికకు సరిపడునట్లు తమ భాష నతికింతురు. రాధికగారి తమిళ 'చిత్తి' మనకు 'పిన్ని' యైనది ఈ మార్గముననే. శ్రీనాథుని నైషధముపై పండితులు చేసిన పరిహాసము మీ రెఱుగుదురు. సంస్కృతమునకు డు, ము, వు, లు చేర్చెనని. శ్రీనాథుని పట్ల అది అన్యాయమే గాని డబ్బింగు సీరియళ్లలో అనేకములకు చక్కగా నతుకును.

రెండవది తిక్కన సోమయాజి మార్గము. కథాశరీరమును మాత్రము గైకొని, మన మనుష్యులతో, మన యిండ్లలో, మన నుడికారముతో మఱల నిర్మించుట. దీనికి వ్యాపారమున ఫార్మాటు అని పేరు. తిక్కన వ్యాసునకు నమస్కారము చెల్లించెను. వీరు రొక్కము చెల్లింతురు. ఇన్ని భాగములకు, ఇన్ని సంవత్సరములకు, ఈ దేశమున మాత్రమే యని పత్రము వ్రాసుకొందురు. ఫ్రాన్సులోని కాన్ పట్టణమున ఏటేట అక్టోబరులో మిప్‌కామ్ అను పేర ఈ సరకునకు పెద్ద సంత జరుగును.

ఇచట నాకొక సందేహము కలిగినది. ఊహను ఎవరైన కాపీ కొట్టవచ్చును గదా, డబ్బు లేల యిత్తురు? ఈ ప్రశ్న న్యాయస్థానమునకే యెక్కినది. హ్యూగీ గ్రీన్ అను ఆంగ్లేయుడు తాను నడుపు ప్రతిభాపోటీ కార్యక్రమమును న్యూజీలాండువారు అపహరించిరని వ్యాజ్యము వేయగా, 1989లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆతని కోర్కె త్రోసివేసెను. కార్యక్రమపు తీరు మాత్రమే యొకని సొత్తు కాజాలదని తీర్పు సారము. అయినను కొనువారు కొనుచునే యున్నారు. ఏలయన, డబ్బుతో ఊహ మాత్రమే రాదు. 'బైబిలు' అని వారు పిలుచు లావుపాటి పుస్తకము వచ్చును. పాత్రల స్వభావములు, కథ నడక, ఏ ఘట్టమున ప్రేక్షకులు హెచ్చిరి, ఎచట తగ్గిరి అను అనుభవమంతయు అందుండును. వండినవారు వెంట నిలిచి చెప్పిన ఆవకాయ కొలతకును, రుచి చూచి ఊహించి పెట్టిన ఆవకాయకును గల భేదమే. బ్రిటనులో 1998లో పుట్టి, 2014లో నాగార్జునగారి నోట 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అయిన ఆటలో ఆ కుర్చీలు, ఆ దీపముల మినుకు, ఆ గుండె దడదడ సంగీతము ఏ దేశమున జూచినను ఒక్కటిగా నుండుట అందువలననే.

బెట్టీ రెండు మార్గములను నడచినది. ఇరువది దేశములకు దగ్గరగా ఆమెకు క్రొత్త పుట్టినిండ్లు ఏర్పడినవి. 2010లో గిన్నిస్ గ్రంథమువారు ఆ జాతి ధారావాహికలలో నిదియే మిక్కిలి విజయము గాంచినదని యెక్కించుకొనిరి. 2003లో మన దేశమున సోనీ టెలివిజనులో ఆమె జస్మీత్ వాలియా యైనది. పేరు 'జస్సీ జైసీ కోయీ నహీ'. బొగోటా బెట్టీ యింట తల్లిదండ్రులు మాత్రమే. మనవారు జస్సీ కొక నాయనమ్మను గూడ సమకూర్చిరి. ముసలమ్మ లేని యిల్లు మనకు ఇల్లనిపించదు గదా! 2005లో రష్యాలో ఆమె కాత్యా. అచట పెట్టిన పేరు నాకు మిక్కిలి నచ్చినది: 'అందగత్తెవై పుట్టకుము' అని. అది వారి సామెతలో సగము. 'అదృష్టవంతురాలవై పుట్టుము' అనునది మిగిలిన సగము. అదే యేట జర్మనీలో లీసా. ఆ జర్మను లీసాను ఫ్రెంచివారు తమ భాషలో డబ్బింగు చేసికొనిరి. కొన్న కోడలిని మఱల కూతురుగా అత్తవారింటికి పంపినట్లయినది! 2008లో చైనాలో ఆమె దుస్తుల కంపెనీ విడిచి ప్రకటనల కంపెనీలో చేరినది. డవ్ సబ్బువారు తమ సరకును ఆ కథలోనికే చొప్పించి అమ్ముకొనిరి. కురూపి పిల్ల కన్నీరు సబ్బు అమ్మకమునకు పనికివచ్చుట నాకు రుచింపలేదు.

అమెరికాలో 2006 మొదలు 2010 వఱకు వారమున కొకసారి నడచినది. ఆ బెట్టీ మెక్సికో నుండి వలస వచ్చినవారి బిడ్డ; తండ్రికి సరియైన కాగితములు లేవు. ఇంట ఆ భయము, కార్యాలయమున ఈ పరిహాసము. నటి అమెరికా ఫెరేరాకు 2007లో ఎమ్మీ బహుమానము వచ్చినది. మిగిలిన దేశములు పెక్కింట కథ పెండ్లిపీటలతో ముగిసెను. ఇందు మాత్రము బెట్టీ క్రొత్త ఉద్యోగమునకై లండను నగరము చేరును, యజమాని ఆమె వెనుక వచ్చును. పెండ్లి చూపలేదు. తాళి లేని ముగింపు మా అత్తగారికి వెలితిగా తోచినది. నాకు తోచలేదు.

ఇక మన యింటి మాట. 2017 నుండి 2023 వఱకు స్టార్ మాలో వచ్చిన 'కార్తీకదీపము' చూడని యిల్లు తక్కువ. మేనిచాయ నలుపగుటచే మాటలు పడి, భర్త అనుమానమునకు గుఱియై, వంటచేసి కూతును పెంచుకొన్న దీపను 'వంటలక్క' యని మనవారు తమ మనిషివలె పిలిచికొనిరి. ఆమె యును తెలుగున పుట్టినది కాదు. మలయాళమున 2014లో ఏషియానెట్టులో మొదలైన 'కఱుత్త ముత్తు', అనగా నల్లముత్యము, ఆమె మాతృక. ఆ ముత్యమును, మన దీపను మొదట ధరించిన నటి యొక్కతెయే: ప్రేమీ విశ్వనాథ్. ఏషియానెట్టు, మా టెలివిజను ఒకే స్టార్ గొడుగు క్రింద నుండుటచే, కథ ఒక గదినుండి మఱియొక గదికి పోయినట్లు కన్నడమునకు, తమిళమునకు, మరాఠికి, హిందీకి, వంగభాషకును పోయినది. ఏ భాషవారును నలుపును మాత్రము మార్చలేదు. మార్చినచో కథయే లేదు. వధువు ముఖము చూచి వెలకట్టు అలవాటు ఇన్ని ప్రాంతములవారికి వ్యాఖ్యానము లేకయే అర్థమగుచున్నది!

అయినను నన్ను బాధించు సంగతి యొకటి కలదు. వంటలక్క నలుపు నటి సహజచ్ఛాయ కాదు. ముఖమునకు పూసిన రంగు. కొలంబియాలో ఆనా మరియా ఒరోస్కో గాని, మన దేశమున మోనా సింగు గాని కురూపులు కారు. కండ్లజోడు, క్లిప్పులు, వెండ్రుకల కట్టు తగిలించిరి. జస్సీ మాఱుదినము వఱకు మోనా సింగు అసలు ముఖమును పత్రికలకు సయితము చూపక దాచిరి. నల్లని పిల్లను గూర్చి కన్నీరు పెట్టించుటకు ఇన్ని భాషలలో అవకాశము దొరకినది, నల్లని పిల్ల నటించుటకు దొరకలేదు. కొన్న పుస్తకములో ఆ వేషము కొలతలును వ్రాసియుండునేమో!

2024లో అదే ఒరోస్కో నడివయసు బెట్టీగా, ఎదిగిన కూతురు గల తల్లిగా, ప్రైమ్ వీడియోలో మఱల కన్పట్టినది. ఈ వృత్తాంతమంతయు మా పిల్లకు చెప్పితిని. ఆమె కాసేపు ఆలోచించి, "అమెరికా బెట్టీ పత్రికలో పని చేయును, దానికి లెక్కలతో పని లేదు. బొగోటా బెట్టీయే నాకు కావలెను, పెద్దమ్మా" అన్నది. నేను స్పానిషున నొక్క అక్షరమైన నెఱుగను. లెక్కలు ఏ భాషలో నైనను ఒక్కటే యని పిల్ల నాకు ధైర్యము చెప్పి, ఆదివారము మొదటి భాగము చూతమని నిశ్చయించినది.