ఎండ దిగని అంతస్తులు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు మీ ఇంట్లో లైటు వేయకుండా ఈ పేజీ చదవగలరా? ముంబయిలోని గోవండీ, మాన్‌ఖుర్ద్ ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు ఆ వీలు లేదు. పగలు, రాత్రి తేడా లేకుండా వారి ఇళ్లలో ట్యూబ్‌లైటు వెలగాల్సిందే. అలాగని అవి గుడిసెలు కావు. రైలు పట్టాల పక్కన, రోడ్ల విస్తరణలో గుడిసెలు పోయినవారికి బదులుగా ఇచ్చిన పక్కా ఇళ్లు. కుళాయి, మరుగుదొడ్డి, లిఫ్టు ఉన్న ఏడంతస్తుల భవనాలు. అయినా టీబీ ఆ ఇళ్లను వదల్లేదు.

ఈ ప్రాంతం ముంబయి నగరపాలక సంస్థలోని ఎం-ఈస్ట్ వార్డు కిందికి వస్తుంది. 2009 నాటి ముంబయి మానవాభివృద్ధి నివేదికలో అన్ని వార్డుల కంటే అట్టడుగున నిలిచింది ఇదే. నగరంలోని చెత్తను 1927 నుంచీ పోస్తున్న దేవనార్ డంపింగ్ యార్డు ఇక్కడే ఉంది. 2016 జనవరిలో అది అంటుకున్నప్పుడు లేచిన పొగ ఉపగ్రహ చిత్రాల్లోనూ కనిపించింది. 2022లో ముంబయిలో తట్టు ప్రబలి పసిపిల్లలు చనిపోయినప్పుడు మొదట వినిపించిన పేరూ గోవండీయే. ఒకే నగరం, ఒకే మున్సిపాలిటీ. పిల్లవాడు ఏ పిన్‌కోడ్‌లో పుట్టాడన్న దాన్ని బట్టి వాడి ఊపిరితిత్తుల భవిష్యత్తు మారిపోతోంది.

పేదరికం వల్ల జబ్బులు వస్తాయన్నది కొత్త సంగతేమీ కాదు. గోవండీ చెప్పే కొత్త సంగతి వేరే ఉంది.

మూడు కాలనీలు, ఒకే పేదరికం

డాక్టర్స్ ఫర్ యూ అనే స్వచ్ఛంద సంస్థ వైద్యులు, ఐఐటీ బొంబాయి నిపుణులు కలిసి ఇక్కడి మూడు పునరావాస కాలనీల్లో ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించారు. నట్వర్ పారేఖ్ కాంపౌండ్, లల్లూభాయ్ కాంపౌండ్, పీఎంజీ కాలనీ. మూడింట్లోనూ ఉండేది పేదలే. తేడా అల్లా భవనాలు కట్టిన తీరులోనే. మొదటి రెండింట్లో భవనానికీ భవనానికీ మధ్య ఎడం కొన్నిచోట్ల మూడు మీటర్లే. ఈ కిటికీలోంచి చెయ్యి చాపి ఎదుటి కిటికీవారికి కూర గిన్నె అందించేయొచ్చేమో అన్నంత దగ్గర. మూడో కాలనీలో భవనాలు ఎడంగా ఉన్నాయి. టీబీ కేసులు ఎక్కడ ఎక్కువో మీరు ఊహించగలరు. ఇరుగ్గా కట్టిన రెండు కాలనీల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ కూడా పై అంతస్తుల వారికంటే కింది అంతస్తుల వారిలో ఎక్కువ. కిటికీలోంచి ఆకాశం ఎంత తక్కువ కనిపిస్తే, ఆ ఇంట్లో టీబీ అంత ఎక్కువ.

కిటికీ ఉన్నా తెరవడానికి ఉండదు. ఆ మూడు మీటర్ల సందులో చెత్త పేరుకుపోతుంది. తెరిస్తే కంపు, దోమలు, ఎలుకలు. మూస్తే చీకటి, చెమ్మ. 225 చదరపు అడుగుల్లో, అంటే మన ఇళ్లలో ఒక హాలంత చోటులో, వంట, పడక, పిల్లల చదువు, ముసలివాళ్ల దగ్గు అన్నీ. రోజంతా లైటు, ఫ్యాను తిరుగుతుంటే వచ్చే కరెంటు బిల్లు అదనం.

టీబీ సూక్ష్మక్రిమి ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో తెలిస్తే ఇదేమీ వింతగా అనిపించదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్నవారు దగ్గినా, గట్టిగా మాట్లాడినా కంటికి కనపడనంత చిన్న తుంపర్లు గాలిలోకి వస్తాయి. మూసి ఉన్న గదిలో అవి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. అదే గాలి ఆడుతుంటే పలచబడి బయటికి కొట్టుకుపోతాయి. నేరుగా ఎండ తగిలితే క్రిమి ఎక్కువసేపు బతకలేదు. పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రుల్లో గాలి ప్రసరణను కొలిచి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం దీన్ని అంకెల్లో చూపింది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచిన వార్డుల్లో గంటకు 28 సార్లు గాలి మారింది. యంత్రాలతో గాలి మార్చే ఆధునిక గదుల్లో 12 సార్లే. ఎత్తయిన కప్పు, పెద్ద పెద్ద కిటికీలున్న పాతకాలపు ఆసుపత్రులే అన్నింటికంటే మేలనిపించుకున్నాయి.

తెలిసిందే, మరచిపోయాం

ముంబయికి ఈ విషయం తెలియక కాదు. 1896లో ప్లేగు విరుచుకుపడ్డాక 1898లో బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. ఇంట్లోకి ఆకాశం వెలుగు పడాలంటే భవనాల మధ్య ఎంత ఎడం ఉండాలో ఆ ట్రస్టు ఒక కోణం కట్టి చెప్పింది. 63.5 డిగ్రీలు. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఎదుటి భవనం ఎంత ఎత్తుంటుందో అందులో కనీసం సగం దూరం మధ్యలో వదలాలి. ఏడంతస్తుల భవనం సుమారు 20 మీటర్లు ఉంటుందనుకుంటే, పది మీటర్ల ఎడం కావాలి. గోవండీలో దక్కింది మూడు. ఖరీదైన నగరంలో తక్కువ స్థలంలో ఎక్కువ ఇళ్లు పట్టించడానికి పునరావాస పథకాలకు నిబంధనలు సడలించారు. నూట పాతికేళ్ల కిందటి లెక్క పేదవాడి ఇంటికి మాత్రం వర్తించకుండా పోయింది.

మనకూ అలాంటి జ్ఞాపకాలున్నాయి. హైదరాబాద్‌లో 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తీయించి, వెడల్పాటి వీధులు, గాలి వెలుతురు వచ్చే ఇళ్లు కట్టించింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం సంగతి మీ తాతల నోట వినే ఉంటారు. టీబీకి మందు లేని ఆ రోజుల్లో అక్కడ చేసిన వైద్యమల్లా మంచి గాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి. తర్వాత మందులొచ్చాయి. ఇంట్లోనే ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1950ల్లో మద్రాసులో జరిగిన పరిశోధనలో తేలింది. లక్షలాది మందికి మేలు చేసిన ఫలితమది. కాకపోతే, మందు ఉంది కదా ఇక గాలి వెలుతురుతో పనేముందన్న ధీమా కూడా దాంతోపాటే వచ్చిందని నాకనిపిస్తుంది. మందు రోగిని బాగు చేస్తుంది. జబ్బని తెలిసి మందు మొదలుపెట్టేలోపు ఆ గదిలో పడుకున్న మిగతా నలుగురి మాటేమిటి?

ఈరోజుకీ ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోవే. ఇళ్లు కట్టేటప్పుడు మనం అడిగేది ఎన్ని చదరపు అడుగులు అనే. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 అడుగులు, ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇల్లు 300, 365, 430 అడుగులు. 225తో పోలిస్తే నయమే. కిటికీ తెరిస్తే ఎదురుగా ఏముంటుందన్న ప్రశ్న మాత్రం పట్టాల పంపిణీ సభల్లో ఎవరి నోటా రాదు.

మెట్ల కింద గది

గోవండీ దూరమనుకోకండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఒకసారి దిగి చూడండి. మెట్ల కిందో, మోటారు పక్కనో వాచ్‌మన్ కుటుంబానికి ఇచ్చిన గది ఉంటుంది. చాలాచోట్ల దానికి కిటికీ ఉండదు. ఉంటే పార్కింగ్ వైపు ఉంటుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక గ్యాస్ స్టవ్. పైన మన ఫ్లాట్లలో తూర్పు ముఖమా, క్రాస్ వెంటిలేషన్ ఉందా అని బిల్డర్‌ను నిలదీసి మరీ కొంటాం. కింది గదికి ఆ ప్రశ్న అడిగేవారు లేరు.

అక్కడ చేయగలిగింది పెద్దదేమీ కాదు. బయటి గోడకు కిటికీ పెట్టించడం, ఎదురుగా మరో జాలీ తెరిపించడం. ఒకవైపు మాత్రమే కిటికీ ఉంటే గాలి లోపలికొచ్చినా బయటికి పోదు. సెల్లార్‌లో అది కుదరకపోతే గదినే పైకి మార్చాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను కొంత నయం, అదీ గాలి బయటి ఆవరణలోకి పోయేలా బిగిస్తేనే.

ఇక తిండి. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పు అదనంగా ఇచ్చి చూశారు. 2023లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం ఆ ఇళ్లలో మిగతావారికి టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఖరీదైన టీకా ఏదైనా ఇంత పని చేస్తే పండగ చేసుకునేవాళ్లం. ప్రభుత్వం టీబీ రోగికి పోషకాహారం కోసం నెలకు ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలకు పెంచింది. బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు సరిగ్గా లేక అది అందని సందర్భాలుంటాయి. మీకు తెలిసినవారెవరికైనా టీబీ ఉంటే, ఆ కాగితాల పని చేసిపెట్టడం కూడా సాయమే.

మీ ఇంట్లో పనిచేసే ఆవిడ రెండు వారాలకు మించి దగ్గుతోందా? సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, దగ్గితే రక్తం కనపడటం ఉన్నాయా? మెడికల్ షాపులో దగ్గు మందు కొనిచ్చి ఊరుకోకండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాకో, పట్టణ ఆరోగ్య కేంద్రానికో పంపండి. కళ్లె పరీక్ష, మందులు అన్నీ ఉచితం. మీకు ఇదే మాట రెండింతలు వర్తిస్తుంది, ముఖ్యంగా ఇంట్లో మధుమేహం ఉన్నవారుంటే. మధుమేహుల్లో టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ.

టీబీ అని తేలితే చాలామంది చేసేది పనిలోంచి తీసేయడం. అది తెలిసే కాబోలు, ఆమె దగ్గును దాచిపెడుతుంది. దాచిన కొద్దీ మీ ఇంటి గాలిలోనే ఉంటుంది. ఆమెకు విడిగా పెట్టిన స్టీలు గ్లాసు ఇక్కడ ఎందుకూ కొరగాదు. టీబీ గ్లాసుల వల్ల, కంచాల వల్ల, బట్టల వల్ల అంటదు. గాలి వల్లే. సాధారణ టీబీలో మందులు సరిగ్గా వాడితే రెండు వారాల్లోనే ఇతరులకు సోకే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఎప్పుడు పనిలోకి రావచ్చో డాక్టరే చెబుతారు. అప్పటిదాకా జీతంతో సెలవివ్వండి. ఆరు నెలల మందుల కోర్సు మధ్యలో ఆపకుండా చూడటానికి అంతకంటే చవకైన మార్గం లేదు. ఆమె ఇంట్లోని పిల్లలకు, పెద్దలకు కూడా పరీక్షలు చేసి, అవసరమైతే నివారణ మందులు ఇస్తారు. వివరాలకు నిక్షయ్ సంపర్క్ టోల్‌ఫ్రీ నంబరు 1800 11 6666.