రేకుకు బెజ్జం, నూనెకు బలం: ఇంటి పనిశాలలో హైడ్రాలిక్ పంచ్

లోహపు రేకుకు నూనె పీడనంతో బెజ్జం కొట్టే హైడ్రాలిక్ పంచ్ ఒకప్పుడు కర్మాగారాలకే పరిమితమైన సాధనం కాగా, నేడు దాని చిన్న రూపాలు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నందువల్ల, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి పనిముట్ల బజారులకు వెళ్లి బోల్టులు, డ్రిల్లు బిట్లు కొనుక్కుని ఇంటి వెనుక షెడ్డులోనో మేడ మీది గదిలోనో ఇనుప పని చేసుకునేవారి దృష్టి సహజంగానే దాని మీద పడుతోంది. ఈ సాధనాన్ని కొనేవారిలో ఎక్కువమంది డబ్బా మీద అచ్చువేసిన టన్నుల అంకెను చూసి నిర్ణయానికి వస్తారు. నిజానికి ఆ అంకె కథలో సగం మాత్రమే. బెజ్జం చుట్టుకొలత, రేకు మందం, లోహం గట్టిదనం, పంచ్‌కూ డైకీ మధ్య వదిలిన సందు అనే నాలుగు విషయాలు తెలిసినవారికి చవక సాధనం కూడా చక్కగా పనిచేస్తుంది. అవి తెలియనివారి చేతిలో ఖరీదైనదీ విరుగుతుంది.

పంచ్ అంటే బెజ్జం ఆకారంలో ఉండే గట్టి ఉక్కు కడ్డీ. డై అంటే ఆ కడ్డీ దూరేందుకు వీలుగా అదే ఆకారంలో రంధ్రం ఉన్న ఉక్కు దిమ్మ. రేకును ఈ రెండింటి మధ్య ఉంచి పంచ్‌ను బలంగా నొక్కితే, దాని అంచు వెంబడి లోహం కోతకు గురై, గుండ్రటి బిళ్లగా ఊడి డైలోంచి బయటపడుతుంది. డ్రిల్లు లోహాన్ని రజనుగా గీకి తీస్తుంది. పంచ్ మాత్రం ఒక్క కదలికలో మొత్తం ముక్కను వేరు చేస్తుంది. రెండు మిల్లీమీటర్ల రేకుకు 25 మి.మీ. బెజ్జం డ్రిల్లుతో వేయాలనుకుంటే ఎదురయ్యే చిక్కు ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిందే: బిట్టు అవతలి వైపుకు తేలే క్షణంలో దాని అంచు రేకును పట్టేసుకుని గిర్రున తిప్పుతుంది, బిగింపు సరిగా లేకపోతే చేతులు కోస్తుంది, చివరికి మిగిలే బెజ్జం కూడా గుండ్రంగా కాక మూడు మూలలుగా వస్తుంది. పంచ్‌తో ఈ బాధ లేదు. మల్కాజిగిరి, తార్నాక వంటి చోట్ల ఇళ్ల మధ్య పని చేసేవారికి మరొక సౌకర్యం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను పరిమితిగా విధించాయి. చేతి పంపుతో నడిచే పంచ్ రేకు తెగే క్షణంలో ఒక్కసారి టప్పుమంటుందే తప్ప, గ్రైండరులాగా గంటల తరబడి వీధిని హోరెత్తించదు.

సికింద్రాబాద్‌కు లోహపు పని కొత్త కాదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో లాలాగూడలో నెలకొల్పిన వర్క్‌షాపు, 1942లో మొదలై బీరువాల నుంచి బస్సుల బాడీల దాకా రేకు పనికి పేరుపొందిన హైదరాబాద్ ఆల్విన్, 1943లో ఆరంభమై కవాడిగూడలో యంత్ర పనిముట్లను తయారుచేసిన ప్రాగా టూల్స్, 1968లో బాలానగర్‌లో ఏర్పడి పంచ్‌లు, డైల రూపకల్పనలో శిక్షణ ఇస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, ఇవన్నీ ఈ జంట నగరాలలో లోహపు పని తెలిసిన తరాలను తయారుచేశాయి. రివెట్లతో అతికిన పాతకాలపు వంతెనలకూ వ్యాగన్లకూ బెజ్జాలే ప్రాణం. బ్రిటన్‌లో 1847లో కాన్వే వంతెన పలకలకు వేలాది రివెట్ బెజ్జాలు అవసరమైనప్పుడు రిచర్డ్ రాబర్ట్స్, నేత మగ్గంలో వాడే జకార్డ్ పద్ధతిని అనుసరించి, ఏ వరుసలో ఏ పంచ్ దిగాలో యంత్రమే నిర్ణయించేలా ఒక భారీ పంచింగ్ యంత్రాన్ని నిర్మించాడు. లోహాన్ని కోసే సూత్రం నాటికీ నేటికీ ఒకటే. మారిందల్లా ఆ బలం చేతిలో ఇమిడేంతగా కుదించుకుపోవడం.

ఆ కుదింపును సాధ్యం చేసింది ద్రవ పీడనం. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ వివరించగా, ఆ సూత్రంతో నడిచే ప్రెస్సుకు 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందాడు. లెక్క సులభమైనదే. పంపులోని చిన్న పిస్టన్ వ్యాసం 10 మి.మీ., పంచ్‌ను నొక్కే పెద్ద పిస్టన్ వ్యాసం 60 మి.మీ. అనుకుంటే, వ్యాసంలో తేడా ఆరు రెట్లే అయినా వైశాల్యంలో తేడా ముప్పై ఆరు రెట్లు. పిడి మీద చేతితో 20 కిలోల బలం వేస్తే, పది రెట్లు పెంచే పొడవాటి పిడి దానిని 200 కిలోలుగా చిన్న పిస్టన్‌కు అందిస్తుంది, నూనె దానిని 7,200 కిలోలుగా పెద్ద పిస్టన్‌కు చేరుస్తుంది. ఇందుకు ప్రతిగా కదలికను వదులుకోవాలి: పెద్ద పిస్టన్ ఒక్క మిల్లీమీటరు జరగడానికి చిన్నది 36 మి.మీ. ప్రయాణం చేయాలి. పంపు పిడిని పదేపదే ఆడించవలసి రావడానికి కారణం ఇదే. బ్రామాను మొదట వేధించిన సమస్య పిస్టన్ పక్కల నుంచి ద్రవం కారిపోవడం. చవక రకం పంచ్‌ల హైడ్రాలిక్ భాగంలో నేటికీ ముందుగా అరిగేది అక్కడి రబ్బరు సీలే. కాబట్టి కొనే ముందు పంపును పూర్తి పీడనానికి ఎక్కించి, కొన్ని నిమిషాలు ఆగి, పిస్టన్ వెనక్కి జారుతోందా, కీళ్ల దగ్గర నూనె తేమ కనబడుతోందా అని చూడటం, ఆ సైజు సీళ్లు విడిగా దొరుకుతాయా అని దుకాణదారుని అడగటం, రంగునూ పెట్టెనూ చూడటం కంటే ఎంతో మేలు.

ఇక టన్నుల సంగతి. బెజ్జం పడాలంటే తెగవలసింది దాని చుట్టుగోడ. చుట్టుకొలతను మందంతో గుణిస్తే ఆ గోడ వైశాల్యం వస్తుంది. ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు కోతకు మైల్డ్ స్టీల్, అంటే దుకాణాలలో ఎం.ఎస్. అనే మామూలు ఇనుము, సుమారు 34 కిలోల బలం కోరుతుంది. సాధారణ నిర్మాణ ఉక్కుకు కనీసంగా ఉండవలసిన తన్యతా బలం, అంటే లాగి తెంచడానికి కావలసిన బలం, 410 మెగాపాస్కల్స్ కాగా, కోత బలం అందులో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఉండటం వల్ల ఈ అంకె వస్తుంది. ఈ లెక్కన 6 మి.మీ. ఫ్లాట్‌కు 12 మి.మీ. బెజ్జం కొట్టడానికి దాదాపు 7.7 టన్నులు, 10 మి.మీ. పలకకు 18 మి.మీ. బెజ్జం కొట్టడానికి 19 టన్నులకు పైగా బలం కావాలి. పలచటి రేకుకు కూడా పెద్ద బెజ్జమైతే భారం తక్కువేమీ కాదు: 2 మి.మీ. రేకుకు 22 మి.మీ. బెజ్జం 4.7 టన్నులతో పూర్తవుతుంది కానీ, అదే రేకుకు 51 మి.మీ. బెజ్జానికి దాదాపు 11 టన్నులు తేలుతుంది. మరి ఎనిమిది టన్నుల చేతి పంచ్‌తో పాటు 51 మి.మీ. పంచ్‌ను కూడా ఎందుకు ఇస్తారు? ఆ పంచ్‌ల కోత అంచు చదునుగా ఉండదు. వాలుగా, అలలుగా ఉంటుంది. అందువల్ల చుట్టుకొలత మొత్తం ఒకేసారి కాక, కొంచెం కొంచెంగా తెగుతూ పోతుంది, గరిష్ఠ బలం తగ్గుతుంది. ఆ అంచు మొద్దుబారిన రోజున ఈ వెసులుబాటు కూడా పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే పై అంకెలను ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. మెత్తటి రాగికీ అల్యూమినియానికీ సగమో అంతకన్నా తక్కువో చాలు. డబ్బా మీద రాసిన సామర్థ్యంలో నాలుగింట మూడు వంతుల దగ్గరే ఆగిపోవడం చవక సాధనం విషయంలో తెలివైన పద్ధతి.

పంచ్ వ్యాసం కంటే డై రంధ్రం కాస్త పెద్దదిగా ఉండాలి. ఈ తేడానే క్లియరెన్స్ అంటారు. మైల్డ్ స్టీల్‌కు ఈ తేడా, రెండు వైపులా కలిపి, పలక మందంలో పది నుంచి పదిహేను శాతం ఉంటే సాధారణంగా సరిపోతుంది, 6 మి.మీ. పలకకు 12 మి.మీ. పంచ్ వాడితే డై రంధ్రం 12.6 నుంచి 12.9 మి.మీ. వరకు ఉండవచ్చు. అది సరిగా ఉందో లేదో చెప్పే సాక్ష్యం బెజ్జం గోడ మీదే ఉంటుంది. పంచ్ దిగిన వైపు నుంచి చూస్తే, మొదట అంచు కొద్దిగా లోపలికి ఒరిగి గుండ్రమై ఉంటుంది. దాని కింద అద్దంలా మెరిసే పట్టీ, అంటే పంచ్ నిజంగా కోసిన భాగం. దాని తరువాత బూడిదరంగులో గరుకుగా, కాస్త ఏటవాలుగా ఉండే భాగం, అంటే లోహం తట్టుకోలేక తనంతట తాను చిట్లిన చోటు. చివర డై వైపు అంచున వేలికి గుచ్చుకునే సన్నటి పొర, దానినే పనివారు బర్ అంటారు. మెరుపు పట్టీ చుట్టూ ఒకే వెడల్పున ఉంటే పంచ్, డై సరిగ్గా కుదిరినట్టు. ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా ఉంటే పంచ్ పక్కకు జరిగినట్టు. గరుకు భాగం మధ్యలో రెండో మెరుపు పట్టీ కనబడితే సందు చాలలేదని, బర్ బాగా పెరిగితే సందు ఎక్కువైందనో అంచు మొద్దుబారిందనో గ్రహించాలి. ఇంత వివరంగా తన పని గురించి తానే చెప్పుకునే సాధనాలు పనిశాలలో అరుదు.

తక్కువ ధరలో దొరికే పంచ్‌లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది నాకౌట్ పంచ్. కుషాయిగూడ, చర్లపల్లి, బాలానగర్ ప్రాంతాలలో కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసేచోట ఇది నిత్యావసరం. దీనిలో పంచ్‌ను నొక్కరు, లాగుతారు. ముందుగా రేకుకు డ్రిల్లుతో చిన్న బెజ్జం వేసి, అందులోంచి ఒక బోల్టును దూర్చి, ఒకవైపు కప్పు ఆకారపు డైని, మరోవైపు మరలు ఉన్న పంచ్‌ను బిగించి పంపు కొడితే, హైడ్రాలిక్ తల బోల్టును లాగుతుంది, పంచ్ రేకును చీల్చుకుంటూ డైలోకి దిగుతుంది. మొదటి బెజ్జం సన్న బోల్టుకు సుమారు 11 మి.మీ., లావు బోల్టుకు దాదాపు రెట్టింపు ఉండాలి కాబట్టి, అనుభవమున్నవారు సన్న బోల్టుతో ముందు చిన్న పంచ్ కొట్టి, ఆ బెజ్జంలోంచే లావు బోల్టును దూర్చి పెద్ద పంచ్ కొడతారు. పంచ్‌ను బోల్టు మరల మీద పూర్తిగా ఎక్కించకుండా, రెండు మూడు చుట్ల మీదే వదిలి పంపు కొట్టడం అతి సాధారణమైన తప్పు. పంపు బలమంతా ఆ రెండు మరల మీదే పడి అవి ఊడిపోతాయి. బోల్టుకూ పంచ్ అంచుకూ కాస్త నూనె రాయడం, రేకు తెగిన చప్పుడు వినగానే పంపు ఆపడం అలవాటు చేసుకోవాలి.

రెండో రకం సీ ఆకారపు చట్రంలో పైన పిస్టన్‌తో పంచ్, కింద డై బిగించినది. యాంగిల్‌కు, ఫ్లాట్‌కు, కరెంటు బస్‌బార్‌కు బోల్టు బెజ్జాలు కొట్టడానికి ఇది సరైనది. దీనికి ముందస్తు బెజ్జం అక్కర్లేదు. పంచ్ కొనన ఉండే చిన్న మొనను సెంటర్ పంచ్ గుర్తులో కూర్చోబెడితే చాలు. కానీ చట్రం లోతు ఎంతో, బెజ్జం పలక అంచు నుంచి అంత దూరంలోనే పడగలదు; పెద్ద పలక నడుమ బెజ్జం కొట్టడం దీనితో సాధ్యం కాదు. తెగిన తరువాత పలక పంచ్‌ను గట్టిగా పట్టుకుంటుంది కనుక, పంచ్ పైకి లేచేటప్పుడు పలకను పట్టి ఆపే స్ట్రిప్పర్ రెండు వైపులా సమంగా తగలాలి. అది ఒకవైపే తగిలితే పలక వంగి పంచ్‌ను పక్కకు విరుస్తుంది. పలక మందం కంటే సన్నటి పంచ్‌ను వాడకూడదన్న పాత నియమం ఇక్కడ తప్పనిసరి.

కొన్ని లోహాల జోలికి పోకూడదు. పోత ఇనుము కోతకు లొంగక పగులుతుంది. లారీ కమాను పట్టీ వంటి గట్టిపరచిన ఉక్కు పంచ్‌నే చిట్లిస్తుంది. పంచ్ చేసిన బెజ్జం చుట్టూ లోహం నలిగి పెళుసెక్కి, కంటికి కనబడని పగుళ్లు మిగిలే అవకాశం ఉన్నందున, భారత నిర్మాణ ఉక్కు ప్రమాణం ఐఎస్ 800, 2007 నాటి రూపంలో, పంచ్ బెజ్జాలకు హద్దులు విధించింది. మళ్లీ మళ్లీ మారే భారం మోసే మందపాటి పలకలకు వాటిని వద్దంటుంది. గేటుకు, ర్యాకుకు, ప్యానెల్ పెట్టెకు ఈ చింత అవసరం లేదు. ట్రాలీ ఇరుసు, బరువులెత్తే కొక్కెం వంటి వాటికి మాత్రం చిన్న బెజ్జం పంచ్ చేసి రీమరుతో చెక్కి పెంచాలి, లేదా డ్రిల్లే వాడాలి.

ఈ సాధనం నెమ్మదిగా, చప్పుడు లేకుండా కదులుతుంది కనుక ప్రమాదం లేదనిపిస్తుంది. ఆ నమ్మకం మంచిది కాదు. గొట్టంలో నూనె 700 బార్ల దాకా, అంటే వాతావరణ పీడనానికి దాదాపు ఏడు వందల రెట్ల ఒత్తిడికి చేరగలదు. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా, అక్కడ వేలు పెడితే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట చిన్న చుక్కలా కనబడి మొదట నొప్పి కూడా అంతగా లేకపోయినా, లోపల కణజాలం దెబ్బతింటుంది. అది ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స చేయవలసిన స్థితి, గంటలు గడిచేకొద్దీ వేలినే కోల్పోవలసి రావచ్చు. కారుడు వెతకడానికి అట్టముక్కను వాడాలే తప్ప చేతిని కాదు. పంచ్ చిట్లితే ముక్కలు ఎగురుతాయి కనుక కళ్లద్దాలు తప్పనిసరి.

డబ్బు విషయంలో ఒక మాట. చవక సెట్టులో పంపు, పిస్టన్ సాధారణంగా బాగానే ఉంటాయి. ముందుగా పాడయ్యేవి దానితో వచ్చే పంచ్‌లు, డైలే. కాబట్టి పెద్ద టన్నుల యంత్రం కోసం పెట్టే అదనపు సొమ్మును, తరచు వాడే రెండు మూడు సైజులలో మంచి ఉక్కుతో చేసిన పంచ్, డై జతల మీద పెట్టడం మేలు. మొద్దుబారిన చదును పంచ్‌ను పారేయనక్కర్లేదు. సర్ఫేస్ గ్రైండరు ఉన్న పనిశాలలో దాని ముఖాన్ని మిల్లీమీటరులో కొద్ది వంతు సానపట్టిస్తే అంచు మళ్లీ పదునెక్కుతుంది. సానపట్టేటప్పుడు ఉక్కు నీలిరంగుకు తిరిగిందంటే వేడికి గట్టిదనం పోయినట్టే, ఆ పంచ్‌ను మైల్డ్ స్టీల్‌కు దూరంగా ఉంచి అల్యూమినియం రేకులకు వాడుకోవచ్చు.