దారి అడుగు మరమనిషి

2020 సంవత్సరమున కోవిడు వ్యాపించినప్పుడు జైపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో చక్రములు గల మరమనుషులచే రోగులకు ఆహారము, మందులు చేర్పించి చూచిరి. అట్టి యంత్రమునకు నడవలో మనుష్యులు అడ్డు వచ్చినచో ఏమగును? పంచాయతీ సభ్యులు గ్రామస్థులను పట్టణపు ఆసుపత్రులకు తోడ్కొనిపోవుచుందురు గనుక ఈ సంగతి వివరించుచున్నాము.

1998లో అమెరికాయందు వాషింగ్టను నగరపు చరిత్ర ప్రదర్శనశాలలో ‘మినర్వా’ యను మరమనిషి రెండు వారములు సందర్శకులను వెంట దిప్పి వస్తువులను చూపినది. జనము చుట్టుముట్టినచో గోడలు మరుగగును. కావున అది పైకప్పును చూచి తానున్న చోటును గుర్తించెడిది. అడ్డు నిలిచినవారిని త్రోయుటకు వీలులేదు. అందుచే దానికొక ముఖమును అమర్చిరి. దారి దొరికినప్పుడు చిరునవ్వు; అడ్డు తొలగనిచో ముఖము చిట్లించి, గొంతు మార్చి అడిగెడిది. తిరునాళ్ళలో బండివాని పాటు వంటిదే!

పిల్లలతో చిక్కు వేరు. జపానులో ఒసాకా నగరపు అంగళ్ళ భవనమున, పెద్దలు చెంత లేనప్పుడు పిల్లలు గుంపుగూడి మరమనిషిని కదలనీయలేదు. కొందరు తన్నిరి కూడ. మర్యాదగా తొలగుమన్నను వినరైరి. తుదకు, 2015లో వెల్లడియైన పరిశోధన ప్రకారము, 140 సెంటీమీటర్లకు తక్కువ పొడవు గలవారు గుంపుగా కనబడినచో పెద్దల చెంతకు తప్పుకొనునట్లు దానికి నేర్పిరి. పొట్టివారైన పెద్దలకిది న్యాయమా యని మాకు నవ్వు వచ్చినది.

ఇట్టి యంత్రము ఎదురైనచో బెదరి ఇటునటు పరుగిడ నక్కరలేదు. ప్రక్కకు తొలగి మామూలుగా నడచిపోవలెను. అది నిలిచిపోయినచో త్రోయక సిబ్బందికి తెలుపవలెను. దాని అరలో ఏ రోగి మందో యుండవచ్చును.