రెండు గళ్ళలో రైతు
చిన్న మాటల వెనుక పెద్ద చరిత్ర

ఆదివారం పత్రిక రాగానే ముందుగా గళ్ళ నుడికట్టు వున్న పేజీ తిప్పేవారు ప్రతి వూళ్ళోనూ ఇద్దరు ముగ్గురైనా వుంటారు. గ్రంథాలయం బల్ల దగ్గరో, టీ దుకాణం అరుగు మీదనో కూర్చుని “అడ్డం 5, నిలువు 12” అంటూ పెన్సిలు పట్టుకుంటారు. అయిదారు గళ్ళ పొడుగు మాటలు ఆధారాన్ని బట్టి త్వరగానే దొరుకుతాయి. చిక్కల్లా రెండు గళ్ళ మాటలతోనే. తీరా జవాబు చూస్తే అది రోజూ నోట నలిగే మాటే అయి వుంటుంది.

రైతు, కౌలు, బాకీ, జమ, హద్దు, వేలం. ఇవన్నీ రెండు గళ్ళ మాటలే. పొలం కాగితాల్లోనూ, అంగడి చిట్టాల్లోనూ ఇవే కనబడతాయి. వీటి పుట్టుక తెలుసుకుంటే గడి నిండడమే కాదు, చేతిలో వున్న కాగితం ఏం చెబుతున్నదో కూడా బోధపడుతుంది.

ఆట పుట్టుక

ఈ ఆట పుట్టి నూరేళ్ళు దాటింది. 1913 డిసెంబరు 21న అమెరికాలోని ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ దీనిని మొదటిసారి ప్రకటించాడు. ఆయన ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టినవాడు. ఆ తొలి పజిలు వజ్రం ఆకారంలో వుండేది. దానికి ‘వర్డ్ క్రాస్’ అని పేరు పెట్టగా, కొద్ది వారాలకే అది తారుమారై ‘క్రాస్ వర్డ్’గా అచ్చయి, అదే పేరు స్థిరపడింది. రష్యాలోని నేవా నది పేరు ఆ తొలి పజిలులోని జవాబుల్లో ఒకటి. మూలల్లో గళ్ళు పూడ్చాలంటే ఇటువంటి పొట్టి మాటలు తప్పవు.

తెలుగులో దీనిని పదబంధ ప్రహేళిక అనీ, గళ్ళ నుడికట్టు అనీ అన్నారు. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు కూడా వీటిని కూర్చారు. తెలుగు లిపికి ఇందులో ఒక సౌలభ్యం వున్నది. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఒకే గడిలో ఇముడుతాయి. ‘స్త్రీ’ అనే మాటకు ఒక్క గడి చాలు. ‘వేలం’ రెండు గళ్ళలో సరిపోతుంది. పరభాషా పదం తెలుగులోకి వచ్చినప్పుడు తరచు చివర ఒక ‘ఉ’ చేర్చుకుంటుంది. హద్ అనేది హద్దు, కౌల్ అనేది కౌలు, రసీద్ అనేది రసీదు అయినవి ఈ విధంగానే.

మంద నుంచి మనిషి దాకా

అన్నిటికంటే వింత కథ ‘రైతు’ది. ఇది అరబ్బీ నుంచి పారశీకం మీదుగా వచ్చిన మాట. మూలంలో దీనికి కాపరి మేపే మంద అని అర్థం. కాపరికి మంద ఎట్లాగో రాజుకు ప్రజ అట్లాగే గనుక, పాలితులైన జనానికి ఆ పేరు వచ్చింది. పారశీకం రాజభాషగా వున్న రోజుల్లో శిస్తు కట్టే సేద్యగాడికి అదే పేరు నిలిచింది.

థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్త మండలాలకు కలెక్టరుగా వున్నాడు. నేటి రాయలసీమలో అధిక భాగం, బళ్ళారి ప్రాంతం వాటిలోనివే. జమీందారు మధ్యవర్తిగా లేకుండా సాగుదారు నుంచే నేరుగా శిస్తు తీసుకునే పద్ధతిని ఆయన అక్కడ అమలు జరిపాడు. దానిపేరే రైత్వారీ. ఇంగ్లీషు నిఘంటువుల్లో కూడా రైతు చేరాడు. వారి ప్రహేళికల్లో అతనికి నాలుగు గళ్ళు పడతాయి. మంద అనే అర్థంతో బయలుదేరిన మాట, పట్టాలో పేరున్న మనిషి అనే అర్థానికి చేరడానికి ఇంతకాలం పట్టింది.

కౌలు అంటే మాట

‘కౌలు’ కూడా అరబ్బీ పదమే. దీని అసలు అర్థం కేవలం ‘మాట’. ఇచ్చిన మాట, ఒప్పుకున్న మాట అని భావం. ఇంత ధాన్యం ఇస్తాను, నీ పొలం దున్నుకుంటాను అని ఒకరు, సరేనని ఒకరు అనుకున్న మాటే కౌలు.

చిక్కు కూడా ఇక్కడే వున్నది. నోటి మాటకు బ్యాంకులో విలువ లేదు. పంట పోయినప్పుడు పరిహారం జాబితాలో పేరెక్కాలంటే కాగితం చూపాలి. ఈ లోటు తీర్చడానికే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసి, 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకంతో సాగు హక్కు పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. మాట అని అర్థం వున్న పదానికి కాగితం తోడు కావలసి వచ్చిందన్న మాట!

కచేరీ మాటలు

‘జిల్లా’కు అరబ్బీలో ప్రక్కటెముక, ప్రక్క అని అర్థాలు. రాజ్యమనే దేహానికి జిల్లా ఒక ప్రక్కటెముక అనుకోవచ్చును. ‘తాలూకా’ అంటే సంబంధం, అంటిపెట్టుకుని వుండడం. “ఆయన మా తాలూకు మనిషి” అనేటప్పుడు వాడే తాలూకు, పాత తాలూకా ఒకే మాట. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా, మాటల్లో తాలూకు మాత్రం పోలేదు. మండలం సంస్కృత పదం. గుండ్రని వలయం అని దాని అర్థం.

ఖరీఫ్, రబీ అనేవి కూడా అరబ్బీవే. ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. విత్తే కాలాన్ని బట్టి కాక, పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి ఈ పేర్లు ఏర్పడినవి. డెల్టా రైతులు వాడే సార్వా, దాళ్వా కూడా ప్రహేళిక కూర్చేవారికి ఎంతో ఇష్టమైన మాటలు.

ఇటువంటి కచేరీ మాటలు దొరలకు అర్థమయ్యేందుకు సి.పి. బ్రౌన్ 1852లో ‘జిల్లా నిఘంటువు’ వెలువరించాడు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. పాలించేవారికి ఈ మాటల అర్థం తెలియడం అంత అవసరమయితే, పాలనలో వున్న పల్లెవాసికి మరింత అవసరం కాదా?

చిట్టాలో నిజం

అంగడి లెక్కల మాటలు సూటిగా వుంటాయి. ‘జమ’ అంటే కూడడం. ‘ఖర్చు’ అంటే బయటకు పోవడం. ‘బాకీ’ అంటే మిగిలినది. అన్నిటిలోకి గుర్తుంచుకోవలసినది మూడు గళ్ళ ‘రసీదు’. పారశీకంలో దానికి ‘చేరింది’ అని అర్థం. డబ్బు ఇచ్చినవాడు చెప్పే మాట కాదది, పుచ్చుకున్నవాడు ఒప్పుకునే మాట. అందుచేత అప్పు తీర్చినా, శిస్తు కట్టినా రసీదు చేతికి రానిదే సొమ్ము చేరినట్టు కాదు. మాటలోనే ఆ హెచ్చరిక వున్నది.

ఓడ దిగినవి, ఓడ ఎక్కినది

సముద్రం మీదుగా వచ్చిన మాటలూ తక్కువేమీ కాదు. పొగాకు వేలం అన్నా, చెరువు చేపల వేలం అన్నా ఆ ‘వేలం’ పోర్చుగీసువారిది. ఇల్లు కట్టే ‘మేస్త్రీ’ వారి భాషలో గురువు, పనిలో ఆరితేరినవాడు. చొక్కా ‘బొత్తాము’ కూడా వారిదే. ‘అనాస’ దక్షిణ అమెరికా ఆదివాసుల నోటిమాట. పండుతోపాటు పేరునూ పోర్చుగీసువారే మోసుకొచ్చారు.

అయితే తెలుగు పుచ్చుకోవడమే కాదు, ఇచ్చింది కూడా. గాదె కింద బొరియలు తవ్వే మన ‘పందికొక్కు’ ఇంగ్లీషులోకి వెళ్ళి ‘బాండికూట్’ అయింది. తరువాత ఆస్ట్రేలియాలోని పొడుగు మూతి జంతువు ఒకదానికి తెల్లవారు అదే పేరు పెట్టారు. శాస్త్రజ్ఞులు పందికొక్కు జాతికి పెట్టిన ‘బాండికోటా’ అనే నామంలోనూ మన మాటే వున్నది. గాదెలో ధాన్యం తిన్నా, తెలుగు పేరును ఖండాలు దాటించిన ఘనత దానిదే!

మన సొంత మాటల మెలిక

అచ్చతెలుగు మాటలు పైకి సులువుగా కనబడి, పెన్సిలు పట్టినవారిని బాగా తిప్పలు పెడతాయి. ‘ఏరు’ అంటే వాగు. గింజలు ఏరడమూ అదే మాట. ఎద్దులు కట్టి సిద్ధం చేసిన నాగలికీ ఏరు అనే పేరు వున్నది. జ్యేష్ఠ పున్నమి నాటి ఏరువాకలో వున్నది ఆ నాగలే. ‘కారు’ మరీ గడుసుది. కారుమబ్బులో నలుపు, వానకారులో ఋతువు, కుండ కారుతున్నదంటే చుక్కలు పడడం. ఇక రోడ్డు మీద పోయే కారు ఇంగ్లీషుది. ఆధారంలో దేనిని ఉద్దేశించారో పోల్చుకోవడమే అసలు ఆట.

అడిగితేనే మిగిలేవి

గళ్ళలో తప్ప బయట అరుదైపోతున్న మాటలు మరికొన్ని వున్నవి. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము, పుట్టి. కొలత ప్రాంతాన్ని బట్టి కొంత మారినా, సాధారణంగా 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 2 మానికలు అడ్డ, 2 అడ్డలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. రూపాయికి 16 అణాలు, బేడ అంటే 2 అణాలు, కాణీ అంటే అణాలో నాలుగో వంతు. 1957 ఏప్రిల్ 1 నుంచి నూరు పైసల లెక్క వచ్చి వీటిని నెట్టివేసింది. అణాలు పోయినా ‘పదహారణాల తెలుగు’ మాత్రం మిగిలింది.

“రెండణాల నాణెం, రెండు గళ్ళు” అని ఆధారం వస్తే కాలేజీలో చదివే కుర్రవాడు తలగోక్కుంటాడు. అరుగు మీది తాత ‘బేడ’ అని ఠక్కున చెబుతాడు. బడి చదువు లేని ఇల్లాలు సోల, తవ్వ లెక్క వేళ్ళ మీద చెబుతుంది. గ్రామాల్లో ఈ సంపద ఇంకా వున్నది. కాని అది పుస్తకంలో కన్నా పెద్దల జ్ఞాపకంలోనే ఎక్కువ. అడిగినవారికి వారు సంతోషంగా చెబుతారు. అడగకపోతే ఆ మాటలు వారితోనే పోతాయి. జవాబులు వచ్చే వారం పత్రికలో ఎలాగూ పడతాయి. వాటి కోసం ఎదురుచూసే లోగా ఇంట్లో పెద్దవారిని ఒకసారి అడిగి, చెప్పినది ఒక నోటు పుస్తకంలో రాసి వుంచడం మేలు.