ఉపకరణ వర్ణనమున లక్షణదోషములు

ఒక వస్తువునకు లక్షణము చెప్పునపుడు వాటిల్లు దోషములను తార్కికులు మూడుగా విభజించిరి. అవి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకు తానే రచించిన దీపికలో గోవును ఉదాహరణముగా గైకొని వీనిని వివరించెను. కపిలవర్ణము గోలక్షణమన్నచో తెల్లని ఆవు తొలగిపోవును. కొమ్ములు కలుగుట యన్నచో గేదెయు చేరును. ఒంటిగిట్ట కలుగుట యన్నచో అది ఏ గోవునకును చెందదు. ఈ విచారము నేడొక నూతన రచనకు అక్కరకు వచ్చుచున్నది. కృత్రిమమేధా ఏజెంట్లకై వ్రాయు ఉపకరణ వర్ణనమే ఆ రచన.

ఏజెంటు అనగా మనుష్యుడు అప్పగించిన పనిని భాగములుగా విడదీసికొని, ఒక్కొక్క భాగమునకు తగిన ఉపకరణమును తానే యెన్నుకొని ప్రయోగించునట్లు అమర్చిన భాషానమూనా. ఇచట ఉపకరణమనగా లెక్క కట్టుటకో, పట్టికలో వెదకుటకో, ఆజ్ఞ పంపుటకో వ్రాసియుంచిన ప్రోగ్రాము. 2023 జూన్‌లో ఓపెన్‌ఎఐ సంస్థ ఇట్టి ఏర్పాటును తన నమూనాలకు చేర్చెను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఉపకరణములను జతపరచుటకు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఉమ్మడి పద్ధతిని వెలువరించెను. సాధారణముగా నమూనాకు ప్రోగ్రాము లోపలి భాగము కనబడదు. దాని పేరు, వర్ణనము, ఈయవలసిన విలువల వివరము మాత్రమే కనబడును. వడ్రంగి బాడిసను చేతబట్టి చూచి దాని పనిని గ్రహింపగలడు. ఏజెంటునకు ఆ వెసులుబాటు లేదు.

అండమాన్ దీవులలోని చాతంను ఉదాహరణముగా గైకొందము. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌తో వంతెనచే కలుపబడిన ఈ చిన్న దీవిలో, 1883లో స్థాపింపబడిన ప్రభుత్వ రంపపుమిల్లు కలదు. ఇట్టి మిల్లులో దుంగల లెక్క చూచుటకు ఒక ఏజెంటును నియమించిరని ఊహింతము. దానికిచ్చిన ఉపకరణమునకు ‘దుంగ ఘనపరిమాణమును లెక్కించును’ అని మాత్రమే వర్ణనము వ్రాసిరి.

వాక్యము చూచుటకు నిర్దుష్టమే. కాని లెక్క ఏ సూత్రము ననుసరించును? చుట్టుకొలతలో నాలుగవ వంతును వర్గము చేసి పొడవుతో గుణించుట భారతదేశపు కలప వ్యవహారమున చిరపరిచితము. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల చుట్టుకొలత గల దుంగకు ఈ పద్ధతిచే 1.25 ఘనమీటర్లు వచ్చును. అదే దుంగను స్తూపముగా భావించి లెక్కించినచో సుమారు 1.59 వచ్చును. ఒక పద్ధతితో కొని మరొక పద్ధతితో అమ్మినచో ఖాతా పొసగదు.

భాష తెచ్చిపెట్టు చిక్కు ఇంతకంటె పెద్దది. 2011 జనగణన ప్రకారము అండమాన్ నికోబార్ దీవుల ప్రజలలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు. తెలుగు పనివాడు ‘దుంగ లావు రెండు మీటర్లు’ అన్నాడనుకొందము. లావు అనగా చుట్టుకొలత కావచ్చును, అడ్డుకొలతయు కావచ్చును. అడ్డుకొలతను చుట్టుకొలతగా భ్రమించినచో ఫలితము సుమారు పదవవంతునకు పడిపోవును. ఒకే మాట వేర్వేరు పనులలో, ప్రాంతములలో వేర్వేరు వస్తువులను సూచించుట పదకోశకారులకు తెలిసినదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము ఇట్టి పరిశీలనకు దారి చూపినది.

ఇక మూడు దోషములను ఇచట సమన్వయింపవచ్చును. పై వర్ణనము అతివ్యాప్తము. కోసిన పలకలకును ఏజెంటు దానినే వాడబోవును. ‘పడాకు దుంగలకు’ అని వ్రాసినచో అవ్యాప్తి; గర్జను దుంగ వచ్చినపుడు ఉపకరణమును విడిచి ఊహతో లెక్క చెప్పును. ‘దుంగ వెలను తెలుపును’ అన్నచో అసంభవము. ప్రోగ్రాము ఇచ్చిన ఘనమీటర్ల అంకెనే ఏజెంటు రూపాయలుగా చదువును.

దోషరహితమైన వర్ణనము ఇట్లుండవచ్చును: ‘కోయని గుండ్రని దుంగ ఘనపరిమాణమును నాలుగవ వంతు చుట్టుకొలత సూత్రముచే లెక్కించి ఘనమీటర్లలో తెలుపును. పొడవును, నడిమి చుట్టుకొలతను మీటర్లలో ఈయవలెను. కోసిన పలకలకు వాడరాదు. వెల చెప్పదు. అడిగినవారు లావు అని మాత్రమే అన్నచో చుట్టుకొలతయో అడ్డుకొలతయో అడిగి తెలిసికొనవలెను. కొలత లోపించినచో లెక్క చేయక ఆ సంగతి తెలుపును.’

ఇందు పని, దానికి కావలసిన విలువలు, ఫలము, నిషేధము, వైఫల్యము అను అయిదును కలవు. ఆజ్ఞ పంపు ఉపకరణమునకు ఆరవది యొకటి చేర్చవలెను: చేసిన పనిని మరల్చవచ్చునా, లేదా అనునది. లెక్క తప్పినచో తిరిగి లెక్కింపవచ్చును. కోసిన దుంగ మరల అతుకదు. కావున కోతకు ఆజ్ఞ పంపు ఉపకరణపు వర్ణనమున, మనుష్యుని అనుమతి పొందిన పిదపనే దీనిని ప్రయోగింపవలెనని స్పష్టముగా వ్రాయుట అవసరము. అయినను వర్ణనము హెచ్చరిక మాత్రమే. అనుమతి లేక ఆజ్ఞ సాగకుండ ప్రోగ్రామునందే అడ్డు ఉంచవలెను.